నీటి జాడల వెంట వాదీ రమ్

జోర్డాన్ దేశపు దక్షిణ కొసన, అకాబా రేవు పట్టణానికి తూర్పుగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇసుక లోయల, నిట్టనిలువు కొండల సీమను వాదీ రమ్ అంటారు. వాన కురిసిన నాడు పారి మిగిలిన కాలమంతా ఎండి ఉండే వాగుకు, అది పారే లోయకు అరబ్బీలో వాది అని పేరు. జోర్డాన్ ప్రభుత్వం 1998లో ఈ సీమను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దాదాపు 74 వేల హెక్టార్ల ఈ నేలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు దాని ప్రకృతి విశిష్టతను, అక్కడి మానవ సంస్కృతి విశిష్టతను రెండింటినీ ప్రాతిపదికగా తీసుకొంది. ఇక్కడికి వచ్చే యాత్రికులలో ఎక్కువమంది బెదూయిన్ మార్గదర్శకుని వెంట ఒక పగలు జీపులోనూ కాలినడకనూ తిరిగి, రాత్రి గుడారంలో గడిపి, మరునాడు ఏదో ఒక కొండ ఎక్కి దిగి వెళ్లిపోతారు. బెదూయిన్లు అంటే మేకలు, ఒంటెల మందలతో నీటిని, మేతను వెదుక్కొంటూ ఎడారిలో తిరిగిన అరబ్బు తెగల ప్రజలు. ఈ ఒక రాత్రి యాత్రను చాలామంది రాతి వంతెనలు, ఇసుక తిన్నెలు, సూర్యాస్తమయం అనే ఫొటో మజిలీల వరుసగానే చూసి తృప్తి పడతారు గాని, నిజానికి దారిలో తగిలే బండ, ఊట, శాసనం, గుడారం, వంట, నక్షత్రం అన్నీ నీటితో ముడిపడినవే. ఆ ముడిని విప్పి చూపగలవాడు మార్గదర్శకుడు కనుకనే అతడు లేని ప్రయాణం సగం ప్రయాణమే అవుతుంది.

యాత్ర రమ్ గ్రామంలో మొదలవుతుంది. ఇక్కడ స్థిరపడిన జలాబియా తెగవారు, ఉత్తరాన దీసీ గ్రామం చుట్టుపక్కల ఉండే జువైదా తెగవారు ఈ సీమలో ప్రధానమైనవారు. జీపు అని పిలిచే వాహనాలు చాలావరకు పాత టయోటా పికప్ బండ్లే. వెనుక భాగంలో ఎదురెదురుగా బల్లలు బిగించి, పైన గుడ్డ కప్పు వేసి వాటిని యాత్రికుల కోసం సిద్ధం చేస్తారు. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది, చలికాలపు రాత్రులలో నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. అందువల్ల మార్చి నుంచి మే వరకు, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు నడకకు అనువైన కాలమని స్థానికులు చెబుతారు. ఇక్కడ వర్ణించే యాత్ర అక్టోబరు చివరి వారాలలో జరిగేది.

గ్రామానికి పడమట గోడలా లేచిన జెబెల్ రమ్ అనే కొండ పాదం దగ్గర మార్గదర్శకులు మొదట చూపేది రెండు రాళ్ల కలయికను. అడుగున గరుకుగా, బూడిద రంగులో పలకలు బారిన గ్రానైటు. దానిపైన వందల అడుగుల ఎత్తున నిటారుగా నిలిచిన ఎర్రని ఇసుకరాయి. గ్రానైటు దాదాపు 60 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ తర్వాతి యుగాలలో దక్షిణం నుంచి ప్రవహించిన నదులు దానిపై పరచిన ఇసుక గట్టిపడి రాయి అయింది; అందులోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఎరుపు వచ్చింది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలను చూసిన తెలుగు పాఠకులకు ఆ అడుగు రాయి స్వభావం కొత్త కాదు, అది నీటిని తనలోకి ఇంకనీయదు. ఇసుకరాయి అందుకు విరుద్ధమైనది. కొండ నెత్తిన ఎప్పుడో కురిసిన వాన ఇసుకరాయి రంధ్రాలలోకి, చీలికలలోకి ఇంకి, మెల్లగా దిగి, గ్రానైటు తగిలిన చోట ఇక కిందికి పోలేక పక్కకు పారి, రెండు రాళ్లు కలిసే గీత వెంట ఊటలుగా బయటికి వస్తుంది. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని చోట ఆ గీతే జనజీవనానికి ఆధారం. దూరం నుంచి చూసినప్పుడు కొండ నడుము వెంట అక్కడక్కడ పచ్చని మచ్చలు కనిపిస్తాయి. దగ్గరికి పోతే అవి అడవి అత్తి చెట్లు, పుదీనా పొదలు, తడి రాతికి అంటుకొని పెరిగిన నాచు.

అలాంటి ఊటలలో ప్రసిద్ధమైనది ఐన్ షలాలె. ఐన్ అంటే ఊట. గ్రామం నుంచి బండల మీదుగా కొంతసేపు ఎక్కితే అక్కడికి చేరవచ్చు. టి. ఇ. లారెన్స్ అనే బ్రిటిషు సైనికాధికారి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, ఒట్టోమన్ పాలనపై అరబ్బులు జరిపిన తిరుగుబాటులో పాల్గొంటూ ఈ లోయలో మకాం చేసినందువల్లనూ, అతని కథతో 1962లో వచ్చిన చలనచిత్రంలో కొంత భాగాన్ని ఈ కొండల నడుమ చిత్రీకరించినందువల్లనూ, ఈ ఊటతో సహా ఈ సీమలో చాలా స్థలాలకు లారెన్స్ పేరు తగిలించి చూపడం పరిపాటి అయింది. ఇది న్యాయం కాదు. లారెన్స్ రావడానికి 1900 సంవత్సరాలకు ముందే నబాతీయులు ఈ ఊట విలువ తెలిసి, కొండ వాలు వెంట రాతి కాలువ కట్టి నీటిని కిందికి దించుకొన్నారు. పెట్రాను రాజధానిగా చేసుకొని అరేబియా నుంచి మధ్యధరా సముద్రతీరానికి సాగే సాంబ్రాణి వర్తకాన్ని నడిపిన అరబ్బు జాతి నబాతీయులు. ఒంటెల బిడారులు ఒక నీటి మజిలీ నుంచి మరొకదానికి సాగేవి కనుక, నీరున్న చోటు మీద పట్టు ఉంటే దారి మీదా పట్టు ఉన్నట్లే. కాలువ దిగిన చోటుకు చేరువలోనే వారు కట్టిన ఆలయం శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఇస్లాంకు ముందు అరబ్బులు కొలిచిన అల్లాత్ అనే దేవత ఆలయమది. విరిగిన స్తంభాల మొదళ్లు, గర్భగృహపు గోడల అడుగు వరుసలు మాత్రమే మిగిలిన ఆ చోట చాలా బండ్లు ఆగవు. ఆగవలసిన మొదటి చోటు మాత్రం అదే.

కొండ పాదాన ఊట నీరు గొట్టం గుండా తొట్టిలోకి పడే చోట ఒంటెలు ఆగి తాగుతాయి. దప్పిగొన్న ఒంటె పది, పదిహేను నిమిషాలలో వంద లీటర్ల వరకు తాగగలదు. చాలా జంతువులకు అంత నీరు ఒక్కసారి తాగితే రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి గాని, ఒంటె రక్తకణాలు కోలగా ఉండి బాగా సాగగల గుణం కలవి కనుక దానికి ఆ ప్రమాదం లేదు.

లోయలో దక్షిణంగా పోతే జెబెల్ ఖజాలీ అనే కొండ, దాని ఉత్తర ముఖంలో మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సన్నని నెర్రె ఎదురవుతాయి. అలాంటి ఇరుకు లోయను అరబ్బీలో సీక్ అంటారు. ఖజాలీ సీక్ లోపల మిట్టమధ్యాహ్నం కూడా నీడ ఉంటుంది. వాన పడితే నీరు నిలిచే గుంటలు నేల మీద వరుసగా ఉన్నాయి. గోడల మీద మనిషి ఎత్తుకు కాస్త పైన, రాతి పైపొర నల్లబడిన చోట, గట్టి రాతి మొనతో పొడిచి చేసిన బొమ్మలు కనిపిస్తాయి: వెనక్కి వంగిన పొడవాటి కొమ్ముల కొండమేకలు, చేతులు చాచి నిలబడిన మనుషులు, పక్కపక్కనే జతగా చెక్కిన పాదముద్రలు. ఒక పాదముద్రలో అయిదు వేళ్లనూ విడివిడిగా చూపడానికి పొడిచిన చుక్కలు వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఉన్నా, తడమకుండా ఉండడమే యాత్రికుని ధర్మం. చేతి చెమట, నూనె ఆ పైపొరను నెమ్మదిగా తినేస్తాయి. వాటి పక్కన ఉన్న రాతలలో అధికభాగం తమూదిక్ లిపిలోనివి. ఉత్తర అరేబియాలో ప్రాచీన కాలంలో వాడిన కొన్ని లిపులకు పండితులు కలిపి పెట్టిన పేరు అది. ఆ రాతలు రాజుల విజయాలను చెప్పవు. ఎక్కువగా అవి ఫలానావాని కొడుకు ఫలానా అనే పేర్లు, క్షేమం కోరే చిన్న ప్రార్థనలు, ఒంటె బొమ్మ పక్కన ఆ ఒంటెను చెక్కినవాని సంతకం. నీడ, నీరు దొరికిన చోట ఎండ తగ్గేదాకా కూర్చున్న పశువుల కాపరులు, బిడారు మనుషులు తీరిక వేళల్లో చెక్కినవే వీటిలో అనేకం అని వాటి తీరు చెబుతుంది. వాదీ రమ్ మొత్తం మీద 25 వేల రాతి చిత్రాలు, 20 వేల శాసనాలు ఉన్నాయని, అవి 12 వేల సంవత్సరాల మానవ సంచారానికి సాక్ష్యమని యునెస్కో పేర్కొంది. ఇంతమంది సామాన్యుల పేర్లను ఇంతకాలం నిలిపిన నేల లోకంలో అరుదు. ఈ యాత్రలో అన్నిటికంటె ఎక్కువ సమయం ఇవ్వదగినది ఈ గోడలకే.

ఉమ్ ఫ్రూత్ అనే రాతి వంతెన దగ్గర అందరూ పైకెక్కి ఫొటో దిగుతారు. గాలి, అంతకంటె ముఖ్యంగా రాతిలో ఇంకిన తేమ తెచ్చే ఉప్పు, మెత్తని పొరలను లోపలి నుంచి తొలిచి రాల్చగా గట్టి పొర మాత్రం పైన నిలిచి ఇటువంటి వంతెనలు ఏర్పడతాయి. కొండల ముఖాలంతటా గూళ్లు గూళ్లుగా కనిపించే తొలుపు కూడా ఆ క్రియ ఫలితమే. ఇంతటి ఎండు నేలలోనూ రాతిని చెక్కడంలో నీటి పాత్ర ఉందన్నది మార్గదర్శకుడు చెప్పకపోతే తట్టే సంగతి కాదు.

మధ్యాహ్నం దాటాక బండి దిగి నడవడం మొదలుపెట్టినప్పుడు ఎడారి తీరే మారిపోతుంది. బండి వేగంలో శూన్యంగా కనిపించిన ఇసుక మీద నల్లని పేడపురుగుల నడక జాడలు, నక్క అడుగులు, సన్నని గాలి గీతలు బయటపడతాయి. ఆకులు దాదాపుగా లేకుండా పచ్చని పుల్లలతోనే బతికే రతమ్ పొదలు, ఇసుకలో లోతుగా వేళ్లు దించి నిలిచిన గదా చెట్లు వాగు పారిన గీత వెంటే ఉంటాయి. అవి ఉన్న చోట తవ్వితే తడి తగలవచ్చునని బెదూయిన్లకు తరతరాలుగా తెలుసు. రాయలసీమలో, తెలంగాణలో ఎండిన వాగు ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకొన్న పల్లె మనిషికి ఈ విద్యను విడమరచి చెప్పనక్కరలేదు. ఇదే నేల మీద బండ్ల చక్రాల జాడలు అడ్డదిడ్డంగా, పదుల సంఖ్యలో సాగి ఉండడం బాధ కలిగించే దృశ్యం. వానకు గట్టిపడిన ఇసుక పైపొర చక్రం కింద విరిగితే దాని కింద దాగిన విత్తనాలు గాలికి కొట్టుకుపోతాయి, ఆ జాడ మాసిపోవడానికి ఏళ్లు పడుతుంది. రక్షిత ప్రాంతపు యాజమాన్యం నిర్ణీత మార్గాలలోనే బండ్లు నడపాలని కోరుతుంది. దీన్ని ఖచ్చితంగా పాటించే మార్గదర్శకుని, వీలైనంత దూరం నడిపించే మార్గదర్శకుని ఎంచుకోవడం యాత్రికుని చేతిలో ఉన్న పని.

రాత్రి మకాం ఏదైనా కొండ ఒడిలో, గాలి తగలని వైపు ఉంటుంది. పూర్వపు బెదూయిన్ల గుడారాన్ని బైత్ అల్ షార్, అంటే వెంట్రుకల ఇల్లు, అంటారు. మేక వెంట్రుకలను వడికి, నేల మీద పరచిన మగ్గాలపై స్త్రీలు నేసిన నల్లని పట్టీలను కలిపి కుట్టిన గుడారమది. ఎండలో ఆ నేత వదులై గాలిని లోపలికి పంపుతుంది. వాన పడగానే దారాలు ఉబ్బి సందులు మూసుకొని నీటిని ఆపుతుంది. లోపల అడ్డంగా కట్టిన తెర అతిథులు కూర్చునే పురుషుల భాగాన్ని, స్త్రీలు ఉండే, వంట సాగే భాగాన్ని వేరు చేస్తుంది. పెట్రా, వాదీ రమ్‌లలోని బెదూయిన్ల సాంస్కృతిక జీవనాన్ని యునెస్కో 2005లో విశిష్ట వారసత్వంగా ప్రకటించి, 2008లో అమూర్త వారసత్వ జాబితాలోకి తీసుకొన్నప్పుడు ఇటువంటి నైపుణ్యాలనే పరిగణించింది. ఇటీవల పారదర్శకమైన బుడగల వంటి గదులు, లోపల స్నానాల గది, చల్లని గాలి యంత్రంతో సహా, చాలా మకాములలో వెలిశాయి. వాటిలో పడుకొని ఆకాశం చూడడంలో సుఖం ఉండవచ్చు. కాని ఎడారికి ట్యాంకరులో తెచ్చిన నీటిని జల్లు స్నానానికి వదిలే విడిది, ఒక చెంబు నీటితో చేతులు, ముఖం, పళ్లెం కడుక్కోవడం ఎలాగో చూపిన జనం మధ్య ఉండదగినది కాదు.

వంట కూడా నీటి పొదుపును బట్టే రూపొందింది. జర్బ్ అనే ఆ పద్ధతిలో ఇసుకలో గొయ్యి తవ్వి అందులో ఇనుప పీపా దించుతారు. అడుగున కట్టెలు మండి నిప్పులయ్యాక, అంతస్తులుగా ఉన్న ఇనుప చట్రాన్ని లోపల దింపుతారు. దానిలో గొర్రె లేదా కోడి మాంసం ఒక అంతస్తులో, బంగాళాదుంపలు, ఉల్లి, క్యారెట్, వంకాయ మరో అంతస్తులో ఉంటాయి. పీపాకు మూత పెట్టి, కంబళి కప్పి, ఆవిరి బయటికి రాకుండా ఇసుకతో పూడుస్తారు. రెండు మూడు గంటలు గడిచాక ఆ ఇసుకను పారతో, తర్వాత చేతులతో తీస్తారు. కంబళి అంచున ఒక్క గింజ కూడా లోపల పడకుండా నలుగురు నాలుగు మూలలు పట్టి ఎత్తుతారు. మూత తొలగగానే తెల్లని ఆవిరి పైకి లేస్తుంది. ఎసరు పెట్టకుండా మాంసంలో, కూరలలో ఉన్న తేమతోనే వండిన ఆహారమిది. కిందికి కారిన కొవ్వు నిప్పుల మీద పడి లేచిన పొగ వాసన దుంపల దాకా పట్టి ఉంటుంది. భోజనానికి ముందూ తర్వాతా మరమియా అనే సేజ్ ఆకు వేసి కాచిన తియ్యని తేనీరు, ఏలకులతో కాచిన చేదు కాఫీ ఇస్తారు. కాఫీ పోసే గిన్నె చాలా చిన్నది, అడుగు మాత్రమే నింపుతారు. చాలనుకొన్న అతిథి గిన్నెను అటూ ఇటూ కదిపి తిరిగి ఇవ్వాలి, అలా కదపనంత వరకు పోస్తూనే ఉంటారు. నీరే లేని చోట మూడో మారు కూడా అడగకుండా పోసే ఈ మర్యాద ఎంత గొప్పదో అక్కడ కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఊళ్ల వెలుతురు అందని ఆ చోట పాలపుంత స్పష్టంగా కనిపించడం సహజం. అయితే మార్గదర్శకులలో పెద్దవారు యాత్రికులను తెల్లవారక ముందే లేపి, దక్షిణాన కొండలు లేని దిక్కుకు నడిపించి, నేలకు చాలా చేరువగా మెరిసే ఒక నక్షత్రాన్ని చూపుతారు. అది సుహైల్. ఆగస్టు చివరి రోజులలో, సెప్టెంబరు మొదట్లో వేకువన అది తొలిసారి కనిపించిందంటే వేసవి తీవ్రత విరిగినట్లని, మందలను ఏ దిక్కుకు తోలాలో నిర్ణయించుకోవలసిన కాలం వచ్చినట్లని అరబ్బు తెగలు లెక్క కట్టేవి. తెలుగు పంచాంగాలు అగస్త్య నక్షత్రం అని చెప్పేది దీనినే. అగస్త్యుడు ఉదయిస్తే వాన నీటి బురద తేరుకొంటుందన్న నమ్మకం మన వైపు ఉంది. హైదరాబాదు ఆకాశంలో దక్షిణాన ఇరవై డిగ్రీల ఎత్తు దాకా లేచే ఆ నక్షత్రం వాదీ రమ్‌లో ఎనిమిది డిగ్రీలైనా దాటదు కనుక, దానిని చూడడానికి చోటు తెలిసి ఉండాలి. రెండు దేశాలవారూ ఒకే నక్షత్రాన్ని రుతువుతో, తడితో ముడిపెట్టుకోవడం గమనించదగిన సంగతి.

 తెల్లవారాక యాత్రికులు రొట్టె, శెనగల ముద్ద, తేనీరు ముగించి కొండకు బయలుదేరతారు. నడిచేవారికి రెండు దారులున్నాయి. బుర్దా అనే కొండ మీద 35 మీటర్ల ఎత్తున్న రాతి వంతెన ఉంది. అక్కడికి ఎక్కే దారిలో లోయ అంచున చేతులు, కాళ్లు రెండూ వాడవలసిన చోట్లు, తాడు వేసుకోవడం మంచిదనిపించే చోట్లు ఉన్నాయి కనుక ఎత్తుకు జంకేవారికి అది తగదు. ఎక్కువమంది ఎంచుకొనేది జోర్డాన్‌లో అన్నిటికంటె ఎత్తయిన ఉమ్ అద్ దామీ. సముద్రమట్టం నుంచి 1,854 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరం సౌదీ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. కొండ పాదం దాకా బండిలో పోయి, అక్కడి నుంచి ఎక్కి దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. దారికి గుర్తు, ముందు నడిచినవారు ఒకదానిపై ఒకటి పేర్చిన చిన్న రాళ్ల గుట్టలే.

ఇక్కడ కూడా మార్గదర్శకుని చూపు నీటి మీదే ఉంటుంది. ముందు రాత్రి వాన పడి ఉంటే అతడు కొండ ఎక్కించడు. తడిసిన ఇసుకరాయి పట్టు కోల్పోయి, పొడిగా ఉన్నప్పుడు మనిషి బరువును అనాయాసంగా మోసిన అంచు చేతిలోనే విరిగి రావచ్చు. దూరాన ఎక్కడో మబ్బు కమ్మినా ఇరుకు సీక్‌లలోకి దిగనివ్వడు, ఎందుకంటే బండల మీద ఒక్కసారిగా పడిన వాన ఇంకే వ్యవధి లేక నిమిషాలలో ఆ నెర్రెలలోకి చేరి నడుము లోతు వరద అవుతుంది. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీరు వెంట ఉందో లేదో బయలుదేరే ముందే సంచులు ఎత్తి చూస్తాడు. దారిలో బండ నడుమ పళ్లెం లోతున నిలిచిన వాననీటి గుంట పక్కన కొండమేకల పెంటికలను చూపి, అవి ఎండినవో తాజావో వేలితో నలిపి చెబుతాడు. కొండమేకల వేట కోసం ఈ కొండలెక్కిన పూర్వపు బెదూయిన్ల దారులనే, 1984లో వచ్చిన ఇంగ్లండు పర్వతారోహకుడు టోనీ హోవార్డ్, అతని మిత్రులు స్థానికుల సహాయంతో తెలుసుకొని పుస్తకంగా వెలువరించారు. నేటి నడక యాత్రలకు అది పునాది. శిఖరం మీద నిలబడితే దక్షిణాన సౌదీ కొండలు వరుస వెనుక వరుసగా సాగిపోతాయి, ఆకాశం తేటగా ఉన్న రోజున పడమటి అంచున అకాబా సింధుశాఖ నీలంగా కనిపిస్తుంది.

తిరుగు దారిలో దీసీ గ్రామం వైపు చూస్తే ఎర్రని ఇసుక మధ్య పచ్చని పంట వలయాలు కనబడతాయి. ఈ ఇసుకరాళ్ల పొరల అడుగున, జోర్డాన్ నుంచి సౌదీ అరేబియా లోపలి దాకా, వేల ఏళ్ల కిందట వానలు మెండుగా ఉన్న కాలంలో ఇంకిన నీరు నిలవ ఉంది. నేటి వానలతో అది తిరిగి నిండేది కాదు కనుక భూగర్భ శాస్త్రవేత్తలు దానిని శిలాజ జలం అంటారు. తోడినంత మేరకు తరగడమే దాని స్వభావం. 1980ల నుంచి దానితో గోధుమ, కూరగాయలు పండించారు. 2013లో పూర్తయిన దీసీ జలపథకం ఏటా 10 కోట్ల ఘనపు మీటర్ల నీటిని 325 కిలోమీటర్ల గొట్టంలో రాజధాని అమ్మాన్‌కు చేరుస్తోంది. నీటి కొరతలో ప్రపంచంలోనే ముందు వరుసన ఉన్న దేశానికి ఇది తప్పని మార్గమే. అయినా అమ్మాన్‌లో చాలా పేటలకు కొళాయి నీరు వారానికి ఒకటి రెండు రోజులే వస్తుంది, ప్రతి ఇంటి కప్పు మీద తెల్లని ట్యాంకులు ఉంటాయి. రమ్ లోయలో రాత్రి గడిపి రాజధానికి తిరిగి వెళ్లే యాత్రికుడు బస గదిలో కొళాయి తిప్పినప్పుడు, వాదీ రమ్‌లో తాను నడిచిన రాతి పొరలే ఉత్తరాన దీసీ అడుగున దాచి ఉంచిన నీటిలో కొంత వాటా అతని చేతిలోకి వస్తుంది.